ఎర్రచుక్కల కాగితం

శాంతి కోసం పనిచేస్తున్నానని చెప్పుకు తిరిగే మనిషి వల్లనే ఒక ఊరికీ, దాని ఎదురుగా ఉన్న కాలనీకీ మూడు వారాలపాటు మాటలు బందయ్యాయి. ఆ మనిషిని నేనే. రిటైరైనవాళ్ళు మామూలుగా గెలిచిన కప్పుల గురించి చెబుతారు. అవి నాకూ ఉన్నాయి, మా ఇంట్లో టీవీ పక్కన దుమ్ము పట్టి ఉన్నాయి. కానీ ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీలాంటి పిల్లలకు కప్పుల సంగతి చెప్పి ఏం లాభం? కాబట్టి ఒక కాగితం సంగతి చెబుతాను.

మా సంస్థ ఏం చేస్తుందో చెప్పడానికి మొదట్లో నాకే ఊపిరి సరిపోయేది కాదు. ఆటలు, చదువు, ఆరోగ్యం, చెట్లూ చెరువులూ, వీటన్నిటి ద్వారా మనుషుల మధ్య శాంతి. మచ్చ బొల్లారంలో మా పక్కింటామెకు మూడుసార్లు వివరించాను. అంతా విని ఆమె, "అంటే పిల్లలను ఆడిపిస్తరు, గంతే గద" అంది. గంతే. అప్పటిదాకా ఒక ప్రైవేటు బడిలో పీటీ టీచరుగా పనిచేశాను. మోకాళ్ళు మొరాయించడం మొదలైన వయసులో ఈ సంస్థలో చేరి, పొద్దున్నే స్కూటీ మీద మేడ్చల్ వైపో శామీర్‌పేట వైపో పోయి, ఊళ్ళ బడుల్లో ఆడపిల్లలతో ఖో-ఖో ఆడించేదాన్ని.

సంస్థను నడిపేది సైన్యంలో పనిచేసి వచ్చి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్న ఒక పెద్దాయన. యుద్ధం దగ్గరగా చూసిన మనిషి కనుక శాంతి అంటే ప్రాణం. అలవాట్లు మాత్రం కవాతువే. ఆరున్నరకు రమ్మంటే ఆరుంబావుకు వచ్చి గేటు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఆయన పెట్టిన నియమాల్లో అన్నిటికంటే పెద్దది బోర్డు. మేము పనిచేసే ప్రతి ఊరి బడిగేటు పక్కన ఒక నల్లబోర్డు, దాని మీద మా కాగితాలు. ఎవరు ఏ జట్టులో ఉన్నారు, ఎవరి మొక్క బతికింది, ఎవరిది ఎండింది, చెరువు కట్ట మీద ఎవరెన్ని బస్తాల ప్లాస్టిక్ ఏరారు, అన్నీ అక్కడ పడాల్సిందే. "గోడ మీద పెట్టరాని పని మనం చెయ్యొద్దు. మనం దాపెట్టేది ఏముంది?" అనేవాడు.

నిజం చెప్పాలంటే ఆ బోర్డు వల్ల మాకు మేలే జరిగింది. ఫలానా వాళ్ళ పిల్లకే ఎందుకు చోటిచ్చారు, మా పిల్లకు ఎందుకు ఇవ్వలేదు అని ఎవరొచ్చినా వేలు పెట్టి బోర్డు చూపించేదాన్ని. అక్కడితో సరి. అందుకే బోర్డు మీద నాకు మహా నమ్మకం. మేలు చేసినదే ఒకనాడు ముంచుతుందని పీటీ టీచర్లకు ఎవరూ చెప్పరు.

నేను చెప్పే ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. పేరు చెప్పను. రోడ్డుకు ఇటు ఊరు, సర్కారు బడి, బడి వెనక పెద్ద మైదానం. అటు కొత్త కాలనీ. ఎక్కువగా కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు. కాలనీలో పచ్చగడ్డి పరిచిన పార్కు ఉంది, ఆ పార్కు మధ్యలో "ఇక్కడ ఆటలు ఆడరాదు" అన్న పలక ఉంది. అందుకని కాలనీ పిల్లలు ఊరి మైదానానికి వచ్చేవాళ్ళు. మా జాగలో మీరేందని ఊరి పిల్లలు, మీ పేరు రాసుందా అని కాలనీ పిల్లలు. ఒక రోజు ఒక పిల్ల జడ ఇంకో పిల్ల చేతిలోకి వచ్చేదాకా పోయిందట. అప్పుడు మమ్మల్ని పిలిచారు.

నేను చేసిందల్లా రెండు వైపుల పిల్లలను కలిపి ఒకే జట్టు చేయడం. ఖో-ఖో మీకు తెలుసు కదా. ఎనిమిదిమంది వరసగా గడుల్లో కూర్చుంటారు, ఒకరు ఇటు ముఖం, పక్కవాళ్ళు అటు ముఖం. తొమ్మిదో పిల్ల తరుముతుంది. అలసిపోతే కూర్చున్నవాళ్ళలో ఒకరి వీపు తట్టి "ఖో" అనాలి, వాళ్ళు లేచి తరమాలి. నేను ఒక ఊరి పిల్ల, ఒక కాలనీ పిల్ల చొప్పున కూర్చోబెట్టాను. వీపు తాకకుండా ఖో ఇవ్వడం కుదరదు. మొదటి వారం వేలి కొసతో, ఏదో వేడి గిన్నెను ముట్టుకున్నట్టు ముట్టుకునేవాళ్ళు. నెల తిరిగేసరికి చరిస్తే వీపు చుర్రుమనేలా చరిచేవాళ్ళు. పెద్ద పెద్ద మాటలు చాలా విన్నాను గానీ శాంతి అంటే నాకు ఇప్పటికీ ఆ చప్పుడే.

ఆ జట్టుకు ప్రాణం ఒక పిల్ల. తొమ్మిదో తరగతి. వాళ్ళ నాయిన ఊరి చివర ఎకరంలో ఆకుకూరలు పండించి, పొద్దున్నే టీవీఎస్ బండి మీద కాలనీలో అమ్మేవాడు. ఆయన్ను కాలనీ అంతా ఆకుకూరల భాయ్ అనేది. పిల్ల సన్నగా ఉండేది, మాట తక్కువ. పరుగు మొదలుపెడితే మాత్రం వరస చివరి స్తంభం దగ్గర ఆ పిల్ల తిరిగే తీరు చూడటానికి బడి వంటమనిషి కూడా గరిటె పట్టుకుని బయటికి వచ్చేది. మొదట కాలనీ పిల్ల వీపు గట్టిగా చరిచింది ఈ పిల్లే.

ఆ ఏడాది, అంటే కరోనాకు ముందు, ఆరోగ్యం పనులు చూడటానికి దూలపల్లి నుంచి ఒక నర్సమ్మ చేరింది. చిన్న వయసు, పని మీద శ్రద్ధ. జట్టులో పిల్లలందరికీ వేలి మీద సూది గుచ్చి రక్తం చూసింది. ఎవరికి రక్తం తక్కువుందో వాళ్ళ పేరు పక్కన ఎర్ర సిరాతో ఒక చుక్క పెట్టి జాబితా నా చేతికిచ్చింది. ఊరి పిల్లల్లోనూ ఉన్నాయి చుక్కలు, కాలనీ పిల్లల్లోనూ ఉన్నాయి. అందరికంటే పెద్ద చుక్క, రెండుసార్లు దిద్దినట్టున్నది, ఆ పిల్ల పేరు పక్కన ఉంది.

"మేడం, ఇది గూడ బోర్డు మీద పెడ్తమా? పేర్లు ఉన్నయి గద" అని నర్సమ్మ నసిగింది.

"మనది దాపరికం లేని సంస్థ. తల్లిదండ్రులు జూస్తెనే గద మందు గోలీలు ఏపిస్తరు" అన్నాను. ఆమె ఇంకా ఏదో అనబోయింది. నేను వినకుండా పిన్నులు అందుకున్నాను.

శనివారం సాయంత్రం ఆట చూడటానికి తల్లులు వస్తారు. కాలనీ ఆడవాళ్ళ సంఘానికి పెద్దగా ఉండే ఒకావిడ కూడా వచ్చింది. ఆమె కూతురు మా జట్టులోనే ఉంది. మంచి మనిషి. పిల్లలకు పల్లీ చిక్కీలు తెచ్చేది, సామాను పెట్టుకోవడానికి కాలనీ ఆఫీసులో గది ఇప్పించింది. నోరే కొంచెం ముందు నడుస్తుంది. బోర్డు ముందు నిలబడి చదివి, అప్పుడే నీళ్ళు తాగడానికి వచ్చిన ఆ పిల్లను చూసి నవ్వుతూ అంది: "ఏంటమ్మా ఇది! మా అందరికీ పాలకూర తెచ్చిపోసే ఇంట్లోనే రక్తం లేదా? మీ నాన్న అంతా మాకే అమ్మేసి నీకు కాడలు పెడుతున్నాడా ఏంటి?"

అందరూ నవ్వారు. పిల్ల గ్లాసు బోర్లించి పెట్టి, పోయి తన గడిలో కూర్చుంది. చివరిదాకా ఆడింది కూడా. అందుకే నాకు ఏమీ అనిపించలేదు.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారం మరో ముగ్గురు ఊరి పిల్లలు రాలేదు. బుధవారం ఒకమ్మాయి ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే రక్తం పెరగడానికని చుక్క ఉన్నవాళ్ళకు మేము పంచిన ఐరన్ గోలీలు, ఒక్కటి కూడా తగ్గలేదు. "భాయ్ వాపస్ ఇమ్మన్నడు" అని చెప్పి పారిపోయింది. టీవీఎస్ బండి కాలనీ గేటు దగ్గర ఆగకుండా నేరుగా మేడ్చల్ పోవడం మొదలైంది. కాలనీవాళ్ళకు అదొక అవమానం. "ఒక మాట అన్నందుకు ఇంత పంతమా" అని వాళ్ళు, "పైసలున్నోళ్ళ నోటికి మొక్కాలె" అని వీళ్ళు. మైదానంలో వరసలో ఒకటి విడిచి ఒకటి గడులు ఖాళీ. కాలనీ పిల్లలు నలుగురే దూరం దూరంగా కూర్చుని నా ముఖం చూసేవాళ్ళు.

ఇదంతా నేను భరించేదాన్నేమో. మూడో వారంలో ప్రార్థన జరుగుతుండగా ఆ పిల్ల కళ్ళు తిరిగి పడిపోయిందని బడి హెడ్మాస్టరు ఫోను చేశాడు. నర్సమ్మ పరుగున పోయి చూసింది. వచ్చి నాతో చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మేడం, ఆ పిల్లకు రక్తం మస్తు తక్కువున్నది. గోలీలు ఇప్పుడు ఏసుకోకపోతే దవఖాన్ల పండవెట్టుడే. ఆట సంగతి తర్వాత." నేను బోర్డు మీది కాగితం అప్పటికే చింపేశాను. చింపితే ఏమవుతుంది, పిన్ను గుచ్చింది నేనే.

పెద్దాయన వచ్చాడు. సంగతంతా విన్నాడు. సైన్యంలోలాగా కోర్టు మార్షల్ పెడతాడనుకున్నాను. ఆయన బోర్డు వైపు తిరిగి, "నియమం నాది. శిక్ష నాకే పడాలె" అన్నాడు. నర్సమ్మ ఏడ్చేసింది. "నేను గట్టిగ జెప్పాల్సి ఉండె" అని ఆమె. ముగ్గురం తప్పు నాదంటే నాదని పోటీ పడ్డాం. ఆ పోటీ వల్ల పిల్ల కడుపులోకి ఒక్క గోలీ కూడా పోలేదు.

నర్సమ్మను వెంటబెట్టుకుని నేనే పొలం దగ్గరికి పోయాను. భాయ్ పాలకూర మడికి నీళ్ళు పెడుతున్నాడు. నన్ను చూసి కూడా పార ఆపలేదు.

"భాయ్, తప్పయింది. ఆ కాగితం చింపిన" అన్నాను.

"కాయితం చింపిన్రు మేడం. జూసిన కండ్లు గూడ చింపుతరా?" అని ఇంకో మడికి నీళ్ళు తిప్పాడు. "నేను ఏడ తప్పు జేసిన జెప్పుండ్రి. మంచి కట్టలు బండి మీదికి వోతయి. ఇరిగినయి, ఎండినయి ఇంట్లకొస్తయి. అందరు రైతుల ఇండ్లల్ల గంతే. ఆమె అన్నది అబద్ధం అయితే నేను గూడ నవ్వుదును."

నర్సమ్మ ధైర్యం చేసి, ఆకుకూర ఒక్కటీ తింటే రక్తం పెరగదనీ, ఆ వయసు ఆడపిల్లల్లో చాలామందికి ఇలాగే ఉంటుందనీ, ఇందులో ఇంటి తప్పు లేదనీ మెల్లగా చెప్పింది. ఆయన విన్నాడు. పార భుజాన పెట్టుకుని మా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అందరికి ఉంటదంటున్నవు గద బిడ్డా. అయితే ఒక పని జెయ్యుండ్రి. మా పిల్లది జూసి నవ్విన్రు. నవ్వినోళ్ళది గూడ జూడుండ్రి. జూసి గదే బోర్డు మీద పెట్టుండ్రి. గప్పుడు నా బిడ్డ గోలీ ఏసుకుంటది."

"అట్ల పెట్టొద్దు భాయ్. ఒకసారి పెట్టే తప్పు జేసినం" అంది నర్సమ్మ.

"మాది పెట్టేటప్పుడు యాదికి రాలేదా?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. ఇజ్జత్, పరువు అన్న మాటలు కూడా ఎత్తలేదు. మళ్ళీ పారకు పని చెప్పాడు.

అక్కడినుంచి కాలనీ ఆవిడ ఇంటికి పోయాను. అప్పటికే ఆమెకు నిద్రలేదట. తలుపు తీస్తూనే, "నేను సరదాకి అన్నానండీ, మా ఊళ్ళో అయితే ఇలాంటివి రోజుకు వంద అనుకుంటాం" అని మొదలుపెట్టింది. స్వీటు డబ్బా పట్టుకెళ్ళి మాట్లాడొస్తానంది. వద్దమ్మా, ఆయన అడిగింది స్వీటు కాదు అని భాయ్ మాట చెప్పాను. ఆమె సోఫాలో కూలబడింది. "సూదంటే నాకు చచ్చేంత భయమండీ" అంది. తర్వాత, "మా అమ్మాయి కూడా నాతో సరిగా మాట్లాడటం లేదు. వస్తాను. ఇంకెవరొస్తారో నాకు తెలీదు" అంది.

ఆదివారం పొద్దున బడి వరండాలో నర్సమ్మ బల్ల వేసుకుని కూర్చుంది. నేను, పెద్దాయన గేటు వైపు చూస్తూ నిలబడ్డాం. ఎనిమిదయింది, ఎవరూ లేరు. భాయ్ బండి వచ్చి వేపచెట్టు కింద ఆగింది. ఆయన దిగలేదు, బండి మీదే కూర్చున్నాడు. ఇగ ఇవాళ్టితో ఈ ఊళ్ళో మా పని ముగిసిందనుకున్నాను. అప్పుడు రోడ్డు దాటుతూ కాలనీ ఆవిడ కనిపించింది. ఆమె వెనక ఒకరు, ఇద్దరు, లెక్కపెట్టుకుంటూ ఉండగా పన్నెండుమంది తేలారు. ఇది చూసి ఊరి ఆడవాళ్ళు కూడా కొంగులు సర్దుకుంటూ వచ్చారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. కాలనీ అమ్మల ముఖాలు సూదికి ఎట్లా ముడుచుకుంటాయో చూడాలని వచ్చి, తీరా వచ్చాక వరసలో నిలబడిపోయారు.

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని వేలు చాపింది. సూది గుచ్చకముందే "అమ్మో" అంది. వెనక ఉన్న ఊరి ముసలమ్మ ఒకతె, "ఇద్దరిని గన్నవు, గీ సూదికి ఏడుస్తవా బిడ్డా" అని వీపు నిమిరింది. నర్సమ్మ ఫలితం ఆమెకు మాత్రమే చెవిలో చెప్పింది. ఆవిడ బల్ల మీది ఎర్రపెన్ను తానే తీసుకుని, తెల్లకాగితం మీద తన పేరు రాసి, పక్కన చుక్క పెట్టి, తిన్నగా పోయి బోర్డుకు గుచ్చింది. మేము పెట్టమనలేదు. నర్సమ్మ వద్దని చెయ్యి కూడా పట్టుకుంది. "నా పేరు, నా ఇష్టం" అంది ఆవిడ. ఆ తర్వాత రాయాలనుకున్నవాళ్ళు రాశారు, వద్దనుకున్నవాళ్ళు ఇంటికి పోయారు. నేనూ వేలు చాపాను. నాకూ ఎర్రచుక్కే వచ్చింది. జీవితమంతా పిల్లలకు ఒళ్ళు గట్టిగా ఉంచుకొమ్మని చెప్పిన పీటీ టీచరును! సిగ్గుపడుతూనే పేరు రాశాను.

భాయ్ బండి దిగి వచ్చాడు. ఆయనకు తెలుగు చదవడం అంతంత మాత్రమే. చుక్కలకు చదువు అక్కర్లేదు కదా. వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ పోయాడు. కాలనీ ఆవిడ దగ్గరికి వచ్చి, "నాదీ ఎర్రచుక్కే భాయ్. ఆ రోజు అన్నది తప్పు. క్షమించండి" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆయన బోర్డును, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "ఇన్ని దినాలు మంచి కట్టలన్ని మీకే ఇస్తి గద అమ్మా, గదంత ఏడ వాయె?" అన్నాడు. ముందు ఆవిడే నవ్వింది, తర్వాత ఊరి ముసలమ్మ, ఇగ వరండా అంతా నవ్వు. పెద్దాయన నాకు సెల్యూట్ కొట్టాడు. సోమవారం టీవీఎస్ బండి కాలనీ గేటులోకి తిరిగింది. ముగ్గురు ఊరి పిల్లలు ఆటకు వచ్చారు. మేము గెలిచామని పెద్దాయన సంస్థ వాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పాడు.

ఆ పిల్ల మాత్రం రాలేదు.

బుధవారం దాకా చూసి, గోలీల పొట్లం పట్టుకుని మళ్ళీ పొలానికి పోయాను. ఈసారి భాయ్ మంచం వాల్చి, లోపలికి కేకేసి చాయ్ తెప్పించాడు. నేను తాగాను. "నేను పొమ్మనే జెప్పిన మేడం. గోలీ గూడ ఏసుకొమ్మన్న. నా మాట గూడ ఇంటలేదు. మీరు నన్ను అడిగిన్రు, కాలనీ అమ్మను అడిగిన్రు, సార్లను అడిగిన్రు. దాన్ని ఎవరన్న అడిగిన్రా?" అని పొలం అవతలి వైపు చెయ్యి చూపించాడు.

అవును, అడగలేదు. నాలుగు వారాలుగా ఆ పిల్ల పేరు జపిస్తూ తిరిగినవాళ్ళం, ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడలేదు.

బోరు దగ్గర గట్టు మీద కూర్చుని పాలకూర కట్టలు కడుతోంది. ముఖం పాలిపోయి, పెదాలకు రంగు లేదు. పక్కన కూర్చుని ఆ కాగితం గురించి చెప్పబోయాను. అట్లా పేరు పెట్టకూడదు, తప్పు నాది అని.

"కాయితం తోని నాకేం లేదు మేడం" అంది. "పరీక్షల మార్కులు గూడ పెడ్తరు గద. ఆంటీ అన్నది గూడ నిజమే. మా ఇంట్ల కాడలే తింటం." చేతిలో కట్టకు దారం చుట్టింది. "ఆమె అన్నప్పుడు నేను మీ దిక్కు జూసిన. మీరు ఏమన్న అంటరనుకున్న. మీరు గూడ నవ్విన్రు."

అందరూ నవ్వారు అని పైన రాశాను చూశారా, ఆ అందరిలో నేనున్నాను. మీకు చెప్పకుండా దాటేద్దామనే చూశాను. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకు నవ్వాను? మాట చమత్కారంగా ఉందని కాదు. సామాను గది ఇప్పించిన మనిషి, పల్లీ చిక్కీలు తెచ్చే మనిషి ఒక జోకు వేసింది. సాయం చేసేవాళ్ళు జోకు వేస్తే నవ్వాలి. ప్రైవేటు బడిలో యాజమాన్యం ముందు నవ్వి నవ్వి అలవాటైన ముఖం నాది. ఆ అలవాటు వెంట తెచ్చుకున్నానని నాకే తెలియదు. అది చూసింది ఆ పిల్ల ఒక్కతే.

"నవ్విన" అన్నాను. "నవ్వొద్దుండె. నువ్వు జూస్తున్నవని గూడ నాకు తెల్వదు." ఇంకేదో చెప్పాలనుకున్నాను. ఏడుపు ముందొచ్చింది. పెద్దవాళ్ళు పిల్లల ముందు ఏడవకూడదని మా కాలంలో నేర్పారు, ఆ పాఠం నాకు వంటబట్టలేదు.

పిల్ల కట్టలు కట్టడం ఆపింది. నా ఒళ్ళో ఉన్న పొట్లం వైపు చూసి, "మీది గూడ ఎర్రచుక్కనట గద. మీరు ఏసుకుంటున్నరా?" అని అడిగింది.

లేదు. నర్సమ్మ ఇచ్చిన గోలీలు నా బ్యాగులో అట్లాగే ఉన్నాయి. బయటికి తీసి ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇగో, నీ ముంగటనే ఏసుకుంట. నువ్వు గూడ ఏసుకో" అని బోరు నీళ్ళ కోసం లేచాను.

"ఆగుండ్రి" అంది. "ఇప్పుడే గద చాయ్ తాగిన్రు. చాయ్ తాగినంక గంట దాక ఐరన్ గోలీ ఏసుకోవద్దని మీరే జెప్పిన్రు. ఏసుకుంటే ఒంటికి వట్టదట."

చెప్పింది నేనే. గోలీలు పంచిన రోజు నర్సమ్మ చెప్పమంటే అప్పజెప్పాను. మర్చిపోయాను కూడా. ఆ పిల్ల గోలీలు వాపసు పంపింది గానీ మాట మాత్రం దాచుకుంది.

"మరి గంట సేపు ఏం జెయ్యాలె?" అన్నాను.

తన పక్కన ఉన్న పాలకూర కుప్పలోంచి సగం నా వైపు జరిపింది. కట్ట ఎంత లావుండాలో, దారం ఎన్ని చుట్లు చుట్టాలో చూపించింది. నా మొదటి కట్ట విడిపోయింది, నవ్వింది. రెండోది కొంచెం నయం. ఎండ మీదికి వచ్చేదాకా ఇద్దరం కట్టలు కట్టాం. మంచి కట్ట ఒకటి పక్కకు తీసి, "గిది ఇంట్లకు" అంది. తర్వాత వాళ్ళ నాయిన వైపు తిరిగి, గొంతు చించుకుని "అబ్బా, టైమెంతయింది?" అని కేకేసింది. ఆయన మడి లోంచే ఫోను చూసి చెప్పాడు. గంటకు ఇంకా ఐదు నిమిషాలుందట. ఆ ఐదు నిమిషాలు కూడా ఆగి, బోరు కింద దోసిళ్ళు పట్టి ఇద్దరం ఒకేసారి మింగాం.